మీటరాయన తలుపు తడితే

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. పింఛను కాగితాల మీద తప్ప అది ఇంకెక్కడా పనికిరాలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి అంకెలు రాసుకునేవాడు కాబట్టి అందరికీ ఆయన మీటరాయన. నాటక సంఘంలో వాళ్ళకి మీటరు బాబాయ్. భార్యకి మాత్రం "ఏమండీ". అది కూడా కోపం లేనప్పుడు.

రిటైరైతే కాళ్ళకి కాస్త విశ్రాంతి దొరుకుతుందనుకున్నాడు పాపం. నాటక సంఘం వాళ్ళు ఏటా నాలుగు నాటకాలు వేస్తారు, ఒక్కోటీ వరసగా కొన్ని రోజులు, నాలుగింటికీ కలిపి ఒకే పాసు. ఆ పాసులు అమ్మే పని ఆయన మెడకి చుట్టుకుంది. ఏ ఇంటి గేటు ఎటు తెరుచుకుంటుందో, ఎవరి కుక్క కరుస్తుందో, ఎవరిది ఊరికే అరుస్తుందో ఆయనకి తెలిసినంతగా సంఘంలో ఎవరికీ తెలీదు మరి. అందుకని ఏటా నాటకాలు మొదలవడానికి ముందు గుడ్డసంచీలో కరపత్రాలు, పాసుల కట్ట పెట్టుకుని బయల్దేరతాడు. మీటర్లన్నీ కింద మెట్ల పక్కనే ఉండేవి కాబట్టి ఉద్యోగంలో పైకి ఎక్కే అవసరం పెద్దగా రాలేదు. నాటకాలు చూసే మనుషులు మాత్రం ఎందుకో అందరూ పై అంతస్తుల్లోనే కాపురముంటారు.

సంఘంలో ఆయనకి ఇంకో పని కూడా ఉంది. నాటకంలో ఎవరైనా తలుపు తట్టాలంటే తెర వెనక నిలబడి చిన్న చెక్క సుత్తితో ఆయనే తడతాడు. అప్పులవాడు తట్టే తీరు వేరు, డాక్టరు తట్టే తీరు వేరు, అలిగి వెళ్ళిపోయి అరగంటకే తిరిగొచ్చిన మొగుడు తట్టే తీరు వేరు. ఆయన తడితే వచ్చిందెవరో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

మరి స్టేజీ మీదికి ఎందుకు రాడు అంటే, ఒకసారి వచ్చాడు. సంఘం పెట్టిన పెద్దాయన ఎప్పుడో ఆయనకి టెలిగ్రాం తెచ్చే మనిషి వేషం ఇచ్చాడు. తలుపు తీయగానే "మీకు టెలిగ్రాం" అని కాగితం చేతికిచ్చి వెళ్ళిపోవాలి. అంతే వేషం. ఇంట్లో అద్దం ముందు అది అనీ అనీ భార్యకి విసుగు పుట్టించాడు. తీరా ఆ సాయంత్రం తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా దీపాలు, దీపాల వెనక చీకట్లో తలలు. నాలుక పిడచగట్టుకుపోయింది. తెరుచుకున్న తలుపు ముందు నిలబడి అన్నేళ్ళుగా ఏ మాట అంటున్నాడో ఆ మాటే నోట్లోంచి ఊడిపడింది.

"మీటరెక్కడుందండీ?"

స్టేజీ మీద ఒక తల్లి కొడుకు కబురు కోసం ఏడుస్తూ కూర్చుంది. హాలంతా కడుపు పట్టుకుని నవ్వింది. పెద్దాయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వు తెర వెనక ఉండు నాయనా, తలుపు బయటివైపు" అన్నాడు. అప్పటినుంచీ ఈయన తలుపు బయటివైపే ఉండిపోయాడు.

పెద్దాయన పోయాక సంఘం ఆయన కూతురి చేతికొచ్చింది. పగలంతా ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసి, సాయంత్రం సైకిల్ షాపు మీది అద్దెగదిలో తనే రాసిన నాటకాలకి తనే దర్శకురాలై రిహార్సళ్ళు చేయిస్తుంది. ఈమధ్య రిహార్సలు చూస్తూ కుర్చీలోనే కునుకు తీస్తోంది. నటులు కూడా పాపం మెల్లగా మాట్లాడుతున్నారు, అక్క నిద్ర చెడగొట్టడమెందుకని.

ఆవిడ అలసటకి కారణముంది. పాసులు ఏటా ఒక్కటి మిగలకుండా అమ్ముడుపోతాయి. హాల్లో చూస్తే సగానికి సగం కుర్చీలు ఖాళీ. డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళు ఎందుకు రారో ఎవరికీ అంతుపట్టలేదు. కుర్చీలు గుచ్చుకుంటున్నాయేమోనని దిండ్లు వేయించారు. ఆట ఆలస్యమవుతోందేమోనని ముందుకు జరిపారు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే హీరో అయితే తప్పంతా గోడమీది బొమ్మల్లో తన ముఖం చిన్నగా వేయడమే అన్నాడు.

ఈసారి కరపత్రాలు పంచే ముందు ఆవిడ అందరినీ కూర్చోబెట్టి చెప్పేసింది.

"ఖాళీ కుర్చీలకి నాటకం వేసే ఓపిక నాకిక లేదు. మొదటి నాటకానికి హాలు నిండకపోతే మిగతా మూడూ వెయ్యను. పాసుల డబ్బు వెనక్కిచ్చేసి గది తాళం ఇంటివాళ్ళకి ఇచ్చేస్తాను. నాన్న పేరు చెప్పి ఎవరూ నన్ను బతిమాలకండి."

ఎవరూ బతిమాలలేదు. మీటరాయనకి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆ గదీ, ఆ సుత్తీ లేకపోతే సాయంత్రాలు ఆయనకి వెళ్ళడానికి చోటేది?

ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర వచ్చేవాళ్ళ పేర్లు రాసుకుని లోపలికి పంపించే ఉద్యోగం చేస్తుంది. ఆయన మోకాళ్ళకి మందు రుద్దుతూ అంది. "మా దగ్గరికి రావడం ఎవరికీ ఇష్టముండదు, అయినా వస్తారు. మీ దగ్గరికి రావడం అందరికీ ఇష్టమే, అయినా రారు. మీ వాళ్ళని కూడా ఓ డ్రిల్లింగ్ మిషను కొనుక్కోమనండి."

"నవ్వులాట కాదే. అమ్మాయి నిజంగానే మూసేసేలా ఉంది."

"మూస్తే మీ మోకాళ్ళు బాగుపడతాయి" అందావిడ. అని, ఇంకొంచెం మందు తీసుకుని రెండో మోకాలికి రుద్దింది.

మర్నాడు దర్శకురాలే స్కూటరు మీద వచ్చింది. "బాబాయ్, ఈసారి నేనూ వస్తాను. జనం ఏమనుకుంటున్నారో నా చెవులతో వినాలి. నీ కాళ్ళకి కూడా కాస్త తేలిక."

ఈయనకి సంతోషం వేసింది గానీ, వెనకాల ఎక్కి కూర్చున్నాక ఎందుకో కొంచెం బెరుకు కూడా పుట్టింది.

మొదట మందుల షాపుకి వెళ్ళారు. షాపాయన ఈయన్ని చూడగానే తూకం మిషను పక్కనున్న స్టూలు తుడిచి బయట పెట్టాడు. "రండి రండి, మీకోసమే చూస్తున్నా. ఈసారేంటి?"

దర్శకురాలు కరపత్రం తీసి ఇవ్వబోయింది. ఆయన అది చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. మీటరాయన ఒకసారి దర్శకురాలి వైపు, ఒకసారి షాపాయన వైపు చూసి నీళ్ళు నమిలాడు. షాపాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇక తప్పక మీటరాయన సంచీ కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఇద్దరు అక్కచెల్లెళ్ళండీ. ఒకే ఇల్లు, మాటల్లేవు. ఇంటి మధ్యలో సుద్దముక్కతో గీత గీసుకున్నారు. వంటగది అక్కది, కుళాయి చెల్లెలిది. అక్క నీళ్ళు లేకుండా వండాలి, చెల్లెలు వండకుండా నీళ్ళు తాగాలి."

అని ఆగాడా? ఆగలేదు. నడుం కాస్త వంచి అక్క అయ్యాడు. మూతి బిగించి చెల్లెలయ్యాడు. మందుల అట్టపెట్టెని గిన్నె చేసి అక్క దాన్ని గీత మీద ఎలా జరిపిందో, చెల్లెలు చూడనట్టుగా చూస్తూ దాంట్లో నీళ్ళెలా పోసిందో చూపించాడు. దగ్గు మందు కోసం వచ్చిన మనిషి దగ్గడం మరిచిపోయాడు. ఆఖరికి బల్లమీద వేళ్ళతో మెల్లగా తట్టాడు.

"తలుపు. గీత సరిగ్గా తలుపు మధ్యలోంచి పోయింది కదండీ? ఎవరు తియ్యాలి? ఇద్దరూ చెరో రెక్కా తీశారు. వచ్చిందెవరనుకున్నారు, ఇల్లు కొంటానన్న మనిషి. అడ్వాన్సు ఇద్దామని వచ్చాడు. అక్కా చెల్లెలూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు. కానీ ఒకేసారి అన్నారు, 'మేం అమ్మం' అని."

షాపాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బాగుందండీ. చాలా బాగుంది. ఎప్పటిలాగే ఇంటిల్లిపాదికీ పాసులివ్వండి." అప్పుడు చూశాడు దర్శకురాలిని. "మీరెవరమ్మా, ఈయన కూతురా?"

"కూతుర్లాంటిదాన్నే. ఈ నాటకానికి దర్శకురాలిని."

"అలాగా" అన్నాడాయన ఆశ్చర్యపోయి. "ఇవి హాల్లో కూడా వేస్తారా?"

మీటరాయన సంచీలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అందులో వెతకడానికి ఏమీ లేదు.

"పాసుల మీద హాలు పేరు, తేదీలు ఉంటాయి కదండీ" అంది దర్శకురాలు మెల్లగా.

"ఉంటాయమ్మా, చూశాను. కానీ ఈయనొచ్చి మొత్తం చేసి చూపిస్తాడు కదా. మళ్ళీ బట్టలు మార్చుకుని అంతదూరం ఎందుకని. డబ్బులంటారా, ఈయన పడే కష్టానికి ఆ మాత్రం ఇవ్వాలి."

మళ్ళీ స్కూటరెక్కారు. ఒక మలుపు దగ్గర ఆవిడ బండి ఆపి, ఇంజను కూడా ఆపేసింది.

"ప్రతి ఇంట్లోనూ ఇంతేనా బాబాయ్?"

"కరపత్రం ఎవరు చదువుతారమ్మా? కథ చెప్పమంటారు. కాస్త చెబుతాను."

"కాస్తా?"

"నాలుగూ చెబుతాను" అన్నాడు చిన్నగా. "రెండు కప్పులు టీ ఇచ్చేవాళ్ళకి."

ఆవిడ నవ్వలేదు. కోప్పడలేదు కూడా. రెండిట్లో ఏది చెయ్యడానికీ ఓపిక లేనట్టు హ్యాండిలు మీద తల ఆనించింది. "అసలు ఆ ముగింపు ఎక్కడిది? నా నాటకంలో తలుపు తెరుచుకోదు. తడతారు, అక్కచెల్లెళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు, దీపాలు ఆరిపోతాయి. వచ్చిందెవరో రాసిన నాకే తెలీదు. నీకెలా తెలిసింది?"

"నిన్న మన గది మెట్లెక్కుతుంటే తట్టింది. ఎవరొచ్చారని అడుగుతారమ్మా. తెలీదంటే బాగుండదు."

"అడగనీ. ఇంటికెళ్ళి ఆలోచించుకుంటారు."

"ఇంటికెళ్ళాక మనుషులు ఆలోచించరమ్మా. పడుకుంటారు."

ఆవిడ తలెత్తింది. "ఇక కథలు చెప్పకు బాబాయ్. కరపత్రం ఇవ్వు, పాసు ఇవ్వు, వచ్చెయ్యి. నీకు చేతులెత్తి దణ్ణం పెడతాను."

ఆయన సరేనన్నాడు. ఆవిడ ఆయన్ని అక్కడే దింపి ఆఫీసుకి వెళ్ళిపోయింది. మీటరు చూడమంటే మీటరే చూసి వచ్చిన మనిషి ఆయన, మాట తప్పే రకం కాదు. తర్వాతి రెండిళ్ళలోనూ కరపత్రం చేతిలో పెట్టి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. మొదటింటివాళ్ళు "ఏం, ఒంట్లో బాగాలేదా? కుదుటపడ్డాక రండి, అప్పుడు తీసుకుంటాం" అన్నారు. రెండోవాళ్ళు ఇంకా జాలిపడి మంచినీళ్ళిచ్చారు. పాసు మాత్రం తీసుకోలేదు.

చెబితే పాసులు అమ్ముడుపోతాయి, మనుషులు రారు. చెప్పకపోతే పాసులే అమ్ముడుపోవు. ఎలా చూసినా గది తాళం ఇచ్చేయాల్సిందే. మూడో అంతస్తులో ఉండే టెలిఫోనావిడ ఇంటికి ఎక్కేటప్పటికి ఆయన ప్రాణం ఉసూరుమంటోంది. మధ్యలో మెట్టుమీద కూర్చుని, కాసేపు మోకాళ్ళతో మాట్లాడుకుని, మళ్ళీ లేచాడు.

టెలిఫోనావిడ పాతకాలపు టెలిఫోను ఆఫీసులో లైన్లు కలిపే ఉద్యోగం చేసి రిటైరైంది. ఇంకొకళ్ళ కబుర్లు వినడంలో ఆవిడకున్నంత అనుభవం ఎవరికీ లేదు. ఆయన ఇలా తట్టగానే తలుపు తీసింది.

"ఆ తట్టడం వింటేనే నువ్వని తెలుస్తుంది నాయనా. కూర్చో. ఈసారి ఏం కథ?"

"కరపత్రంలో ఉందండీ."

"నా కళ్ళద్దాలు ఎక్కడో పెట్టాను. నువ్వే చెప్పు."

కళ్ళద్దాలు ఆవిడ నెత్తిమీదే ఉన్నాయి. ఆ సంగతి అనడానికి ఈయనకి మనసొప్పలేదు. ఒక్క ముక్క చెప్పి లేద్దామనుకున్నాడు. సుద్దగీత వరకూ వచ్చాడు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. గిన్నె వరకూ వచ్చాడు. ఆవిడ పొయ్యి మీద టీ మరిచిపోయింది. ఇక తలుపు దగ్గరికి వచ్చి టీపాయి మీద వేళ్ళతో తట్టాడు. టక్, టక్. కాసేపాగి, టక్.

అక్కడ దర్శకురాలు హ్యాండిలు మీద తల ఆనించడం గుర్తొచ్చింది. లేచి సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఏంటి లేచావు? ఎవరొచ్చారు?"

"తెలీదండీ."

"తట్టింది నువ్వేగా. ఎలా తెలీదు?"

"హాలుకి రండి, అక్కడ చూద్దురుగాని" అన్నాడు. అనేశాక తను ఎంత పెద్ద అబద్ధం ఆడాడో అర్థమైంది. హాల్లో ఆ తలుపు తెరుచుకోదు కదా. నాలుక కరుచుకున్నాడు గానీ ఆవిడ అప్పటికే పాసుకి చెయ్యి చాపింది. "నన్ను ఊరించి పోతున్నావు. ఈ వయసులో మెట్లు దింపుతున్నావు. వస్తాను, ఎవరో చూడందే వదల్ను" అంది.

ఆ తర్వాత అన్నిళ్ళలోనూ అలాగే చేశాడు. తట్టేదాకా చెప్పడం, సంచీ తగిలించుకోవడం. జనం గుమ్మందాకా వెంటపడ్డారు. కొందరు మెట్లమీంచి వంగి, "పోనీ ఆడా మగా, అది చెప్పి వెళ్ళండి" అని అరిచారు. అందరికీ ఆయన ఒకే మాట ఇచ్చాడు. పాసులు అయిపోయాయి.

అమ్మాయికి ఈ సంగతి చెప్పెయ్యాలని రిహార్సలుకి వెళ్ళిన ప్రతిసారీ అనుకున్నాడు. వెళ్ళేసరికి ఆవిడ కుర్చీలో కళ్ళు మూసుకుని ఉండేది. లేపి మరీ ఇలాంటి కబురు ఎలా చెప్తాడు? ఒక్కసారి మాత్రం, "అమ్మా, ఆ తలుపు కొంచెం తెరిస్తే ఏం?" అని గొణిగాడు. "బాబాయ్" అందావిడ కళ్ళు తెరవకుండా. అంతటితో సరి.

మొదటి నాటకం రోజు వచ్చింది. తెర సందులోంచి చూశాడు. మందుల షాపాయన ఇంటిల్లిపాదితో వచ్చాడు. ముగింపు తెలిసినవాడు ఎందుకొచ్చాడో అర్థం కాలేదు. మిగతావాళ్ళు చెప్పే మాటలు విని, తనకి చెప్పింది అసలుదో కాదో తేల్చుకుందామని వచ్చాడని తర్వాత తెలిసింది. ముందు వరసలో టెలిఫోనావిడ, ఒళ్ళో సంచీతో. వెనక కుర్చీలు చాలక గోడకి ఆనుకుని కొందరు నిలబడ్డారు. దర్శకురాలు స్టేజీకి అటుపక్క తెర చాటున నిలబడి, హాలు వైపు చూసి, రెండు చేతులతో ముఖం తుడుచుకుంది. ఆవిడ ముఖం చూశాక ఈయనకి ఇంకా భయమేసింది. నిండిన హాలు ముందు ఇంకాసేపట్లో తను చెప్పిన అబద్ధం బయటపడబోతోంది.

నాటకం నడిచింది. అక్కచెల్లెళ్ళ వేషాలు వేసినవాళ్ళు బాగానే చేశారు. గిన్నె గీత దాటింది, నీళ్ళు నిండాయి. తలుపు వెనక స్టూలు మీద కూర్చుని ఆయన తన వంతు కోసం చూస్తున్నాడు. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. వంతు వచ్చింది, లేచి నిలబడి తట్టాడు.

టక్, టక్. కాసేపాగి, టక్.

స్టేజీ మీద ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. దీపాలు మెల్లగా తగ్గడం మొదలైంది. ఇంకా చూసుకుంటున్నారు. ఇంకా ఎవరూ తియ్యలేదు. అప్పుడు ముందు వరసలోంచి టెలిఫోనావిడ గొంతు, లైను అటువైపు వాళ్ళకి కూడా వినిపించేంత స్పష్టంగా.

"అది మా మీటరాయన తట్టుడే. తియ్యండమ్మా తలుపు. అసలే మోకాళ్ళ నొప్పుల మనిషి, ఎంతసేపని నిలబెడతారు?"

హాలు గొల్లుమంది. స్టేజీ మీద చెల్లెలు ఖంగుతింది. పెద్దవాళ్ళు ఏదైనా గదిమి చెబితే చేసేసే అలవాటు ఆ పిల్లకి ఇంట్లో ఉందో ఏమో, గభాలున వెళ్ళి తలుపు తీసేసింది.

తలుపు అవతల మీటరాయన, చేతిలో చెక్క సుత్తితో.

తగ్గుతున్న దీపాలు చప్పున పెరిగాయి. ఆయనకి మళ్ళీ అదే కనిపించింది, అవే దీపాలు, దీపాల వెనక అవే తలలు. నాలుక మళ్ళీ పిడచగట్టింది. తెరిచిన తలుపు ముందు నిలబడ్డ ఆయన నోటికి ఈ లోకంలో వచ్చిన మాట ఒక్కటే.

"మీటరెక్కడుందండీ?"

నవ్వులు మళ్ళీ లేచి, మధ్యలో ఆగాయి. చెల్లెలు ఆయన్ని చూసింది, గీతని చూసింది, తల తిప్పి అక్కని చూసింది. ఎవరూ రాసివ్వని మాట ఏదో అనాలి.

"ఆవిడ వైపుంది" అంది. ఆగి, అక్కతోనే అంది. "మీటరు నీ వైపే కదా."

అక్క గీత దగ్గరికి వచ్చి నిలబడింది. "కుళాయి నీదే కదా. బిల్లు నువ్వు కట్టు."

"నీళ్ళు నువ్వు కూడా తాగావు."

"నువ్వు పోశావు కాబట్టి తాగాను."

అంతసేపూ ఒక్క మాట లేని ఇంట్లో మాటలు మొదలయ్యాయి. మీటరాయన సుత్తి వీపు వెనక దాచుకుని, ఎప్పుడు వెళ్ళాలో తెలీక, తెరిచిన తలుపులో అలాగే నిలబడ్డాడు. తెర పక్కనుంచి దర్శకురాలు దీపాల మనిషికి చెయ్యి ఊపింది. దీపాలు ఆరాయి.

చప్పట్లు చాలాసేపు కొట్టారు. ఆయనకవి సరిగ్గా వినపడలేదు. చీకట్లో తడుముకుంటూ స్టూలు వెతుక్కుని దానిమీద కూలబడ్డాడు. దర్శకురాలు వచ్చింది. ఎదురుగా నేలమీద, తన ఆఫీసు బట్టలతోనే, చతికిలబడింది.

"నాటకం పాడుచేశానమ్మా" అన్నాడు. "అందరికీ తలుపు తెరుచుకుంటుందని చెప్పాను."

"తెలుసు. టికెట్ల దగ్గరే ఇద్దరు ముగ్గురు నన్ను పట్టుకుని అడిగారు, వచ్చేది ఎవరని." ఆవిడ కాసేపు గోడకి ఆనుకుని కూర్చుంది. "తెలీదన్నాను. నిజంగానే తెలీదు."

"గది తాళం?"

"నా దగ్గరే ఉంటుంది." లేచి, ఆయన లేవడానికి చెయ్యిచ్చింది. "రేపటి ఆటకి కూడా ఇలాగే చెయ్యాలి బాబాయ్. సుత్తి మాత్రం బయటే పెట్టిరా."

ఆయన లేవలేదు. "రోజూ లోపలికి రావాలా?" అన్నాడు, గుమ్మం ముందు ఇంకో మేడమెట్ల వరస కనిపించినట్టు.

ఇంటికి వెళ్ళేసరికి మందు సీసా మూత తీసి సిద్ధంగా ఉంది. భార్య ఏమీ అడగకముందే మోకాలు చాపాడు. "వేషం దొరికిందే" అన్నాడు.

"ఏం వేషం?"

"మీటరాయన."

ఆవిడ ఆలోచిస్తూ కాసేపు రుద్దింది. "ఎన్ని మెట్లు?"

"మెట్లు లేవు. గుమ్మమే."

"అయితే చెయ్యండి" అంది.